కంసావతి యేల సన్నగిల్లును?

శ్రీకాకుళ విశాఖ మండలముల నుండి రైల్వే కర్మాగారపు కొలువులకై తరలివచ్చి, తరతరములుగా ఖరగ్‌పూరు ఎఱ్ఱమట్టి నేలపై కాపురములుంటున్న తెలుగువారికి, మేదినీపురమునకు పోవు రైలు వంతెనపై చప్పుడు చేయుచు దాటు నది చిరపరిచితమే. దానిని వంగీయులు కాంసాయి యందురు. మన చెవికి ఆ మాట కసాయియై తోచి కటువుగా వినిపించును గాని, అది కంసావతి యన్న పేరునకు వికృతి మాత్రమే. రఘువంశమున రఘుమహారాజు ఏనుగులనే సేతువుగా నిలిపి, సేనను దాటించి, కళింగాభిముఖుడైన కపిశానది యిదియేయని పండితులు కొందఱు తలంచిరి.

ఏనుగుల వంతెన కావలసివచ్చిన యా నదిని ఫాల్గుణ చైత్రములలో చూచినవాడు కాళిదాసు అతిశయోక్తి చెప్పెననుకొనును; ఏలయన నాడచట విశాలమైన యిసుకతిన్నెల నడుమ సన్నని పాయ తప్ప వేఱొండు కానరాదు. శ్రావణమున వచ్చి చూచిన, కవిపై సందేహము తానే తొలగును.

ఖరగ్‌పూరు కర్కాటకరేఖకు దక్షిణమున, 22 డిగ్రీలు దాటిన అక్షాంశముపై నున్నది గావున ఉష్ణమండలములోనిదే. ఏటా అచట కురియు వాన సుమారు 1,500 మిల్లీమీటర్లు. అమెజాను పరీవాహమున సగటున 2,000కు పైబడును. ఈ వ్యత్యాసము రెట్టింపైనను కాదు. అయినను అమెజాను ఏడాది పొడుగునను ఓడలను మోయుచుండ, కంసావతి వేసవిలో పడవకు సైతము చాలకుండుటకు హేతువు వాన పరిమాణమున గాక పంచాంగమున నున్నది.

భూమధ్యరేఖకు ఇరువైపుల నుండి వీచు వ్యాపారపవనములు కలిసికొనుచోట తేమగాలి పైకెగసి, చల్లబడి, వర్షించును. ఆ వర్షమేఖల సూర్యుని వెంబడి ఉత్తర దక్షిణములకు జరుగుచుండును. అమెజాను ఉపనదులు మధ్యరేఖకు రెండు ప్రక్కలను వ్యాపించియుండుటచే ఒకవైపువి తగ్గుచుండగా మఱియొకవైపువి పొంగును. ఆఫ్రికాలోని కాంగోనది యా రేఖను రెండుమార్లు దాటును. ఛోటానాగపూరు పీఠభూమి అంచున, పురూలియా కొండలలో పుట్టిన కంసావతికి అట్టి యదృష్టము లేదు. ఋతుపవనము ఏడాదికొక్కమారు వచ్చి, జూను మొదలు సెప్టెంబరు లోపల ముప్పాతిక వానను క్రుమ్మరించి మరలిపోవును. వైశాఖమున సాయంవేళల పీఠభూమి వేడిగాలియు బంగాళాఖాతపు తేమగాలియు తాకుటచే పుట్టు కాలబైశాఖి గాలివాన, రైల్వే క్వార్టర్ల పెరటి మామిడికాయలను రాల్చి, ఆ రాత్రికి సుఖనిద్ర నిచ్చునే గాని నదికి చేయు మేలు స్వల్పము.

అడవి సంగతియు చెప్పవలెను. నిత్యహరితారణ్యము సముద్రము నుండి వచ్చిన నీటిని వ్రేళ్లతో త్రాగి, ఆకులతో ఆవిరిగా విడిచి, ఆ తేమనే మఱల వానగా పొందుచుండును. బ్రెజిలు శాస్త్రజ్ఞుడు ఎనియాస్ సలాతి వాననీటిలోని ఆమ్లజని ఐసోటోపులను తూచి, 1970ల దశకమున దీనిని నిరూపించెను. మేదినీపుర ప్రాంతపు సాలవృక్షములు అందుకు భిన్నముగా శీతకాలాంతమున ఆకు రాల్చి, ఉన్న తేమను కాచుకొనును. పైగా ఇనుముతో నిండిన అచటి లాటరైటు నేల, చెట్టునీడ తొలగినచోట ఎండకు ఇటుకవలె గట్టిపడుటచే, వాన యింకక పొరలిపోవును.

పొరలిపోవు నీటిని నిలుపు ప్రయత్నమున మనవారికి ఆత్మీయమైన యొక ముచ్చట గలదు. ధవళేశ్వరము కట్టిన కాటను దొర 1858లో ఒడిస్సా నదులను పరిశీలించి చేసిన సూచనల నుండి పుట్టిన మహాపథకములోని భాగముగనే మేదినీపురపు కాలువ త్రవ్వబడినది. దానికై నదికడ్డముగా నిర్మించిన కట్టడమునకు, మన దాక్షిణాత్య పదమే ఇంగ్లీషు ఇంజనీర్ల నోట నలిగి, ఆనికట్టని పేరు నిలిచినది. పిమ్మట 1956లో ఎగువన, కుమారీనది వచ్చి కలియు ముకుట్‌మణిపురము చెంత, పెద్ద జలాశయ నిర్మాణము మొదలైనది. ఇప్పుడు ఆ కాలువల పొలములు త్రాగగా మిగిలిన నీరే రైలువంతెన క్రిందికి వచ్చుచున్నది.