కేబులు తీగకు ప్రత్యామ్నాయములు: చిక్కబళ్ళాపుర సీమ తెలుగు గృహముల దృష్ట్యా ఒక పరిశీలన

ఇంటి టెలివిజనుకై నెలనెల చెల్లించు రుసుమును తగ్గించుకొనుట యెట్లు? ఈ ప్రశ్న గృహస్థుని చిల్లర లెక్కలకు చెందినదే గాని వ్యాసరచనకు తగినది కాదని కొందఱు తలంపవచ్చును. కాని కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో నివసించు తెలుగు కుటుంబముల విషయమున ఈ ప్రశ్నలో ధనముతో బాటు భాషయు ఇమిడియున్నది. కేబులు తీగను తీసివైచిన యింట నెలకు కొంత సొమ్ము మిగులును. ఆ తీగతో బాటు ఆ యింటికి వచ్చుచుండిన తెలుగు కూడ పోవునా, నిలుచునా యనునది వేఱు లెక్క. ఈ రెండు లెక్కలను కలిపి చూచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రాంత స్వరూపము

ఈ మూడు తాలూకాలును పూర్వము మైసూరు సంస్థానమునందలి కోలారు జిల్లాలోనివి. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును ఇవి మైసూరు రాష్ట్రముననే నిలిచినవి. 2007లో కోలారు జిల్లా నుండి చిక్కబళ్ళాపుర జిల్లా వేఱుపడగా ఇవి అందు చేరినవి. రాయలసీమకు ఆనుకొనియున్న ఈ సీమలో, విశేషించి బాగేపల్లి తాలూకాలో, తెలుగు గృహభాషగా నెలకొనియున్నది. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణులు తెలుగు కన్నడములు రెంటియందును రచనలు చేసిరి. ఇచట రెండు భాషలును పోరుపడినవి కావు; ఒకే అరుగుపై కూర్చుండినవి.

అయినను రెండింటికిని లభించు అవకాశములు సమానములు కావు. బడిలోను, కచేరీలోను, బస్సు ఫలకముపైనను, అంగడి పలకపైనను కన్నడమే కనిపించును. రాష్ట్రభాషకు అది న్యాయమైన స్థానమే. అల్పసంఖ్యాక భాషా వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్పబడిన 350ఎ అధికరణము చెప్పుచున్నను, తెలుగు నేర్పు పాఠశాలలు అన్ని గ్రామములందును లేవు. అందుచే ఇచటి తెలుగువారిలో అనేకులకు తెలుగు చెవికి తెలిసిన భాషయే గాని కంటికి తెలిసిన భాష కాదు. ఇట్టివారి యింటికి ఊరి యాసకు వెలుపలనున్న తెలుగును, వార్తల తెలుగును, నాటకముల తెలుగును, హరికథల తెలుగును, ప్రతిదినము తెచ్చినది టెలివిజను.

భూతరంగము, ఆకాశతరంగము

భారతదేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమైనది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సర కాలము ఉపగ్రహ సహాయమున ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు బోధనా కార్యక్రమములు ప్రసారము చేయబడినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును, కర్ణాటకమును గలవు. ఆ భాషలలో తెలుగును, కన్నడమును గలవు. తరువాత హైదరాబాదు కేంద్రము 1977లోను, బెంగుళూరు కేంద్రము 1981లోను వెలసినవి.

ఆ కాలపు ప్రసారము ప్రధానముగా భూమిపై నిలిచిన స్తంభముల నుండి సాగినది. స్తంభము నుండి వెలువడు తరంగము కొంత దూరమే పోగలదు. కావున ఒక గ్రామమునకు ఏ భాష అందునో, ఆ గ్రామమునకు సమీపమున ఏ స్తంభము గలదో దానిని బట్టి నిర్ణయమగుచుండెను. రాష్ట్రపు సరిహద్దు ఒక విధముగా టెలివిజనుకును సరిహద్దు.

1995లో ఈటీవీ, జెమిని మొదలగు తెలుగు ఉపగ్రహ ఛానళ్ళు వచ్చుటతో ఈ స్థితి మాఱినది. ఉపగ్రహ తరంగము దేశమంతటను ఒక్క తీరుగ పడును. విజయవాడలో దొరకు తెలుగు ఛానలు చింతామణిలోను అంతే స్పష్టముగ దొరకును. కేబులు నడుపువారు మేడపై పెద్ద డిష్షు నిలిపి, ఛానళ్ళను పట్టి, తీగల ద్వారా వీధివీధికిని పంపిరి. వారు స్థానికులు, ఏ వీధిలో ఏ భాషవారు గలరో ఎఱిగినవారు. తెలుగిండ్లు ఎక్కువగా గల వీధికి తెలుగు ఛానళ్ళు అడుగకయే వచ్చినవి. ఇట్లు ఒక వర్తకుని వ్యాపారజ్ఞానము వలన, ఏ ప్రభుత్వపు ఉత్తరువును లేకయే, ఒక అల్పసంఖ్యాక భాషకు గొప్ప సేవ జరిగినది.

రుసుముల లెక్క

కేబులు వ్యవస్థను అంకీకరింపవలెనని 2011లో చట్టసవరణ జరిగినది. మహానగరములతో 2012లో ఆరంభమైన ఈ మార్పు, తుదిదశయగు చిన్న పట్టణములకును గ్రామములకును 2017 మార్చి 31వ తేదీ గడువుగా విస్తరింపబడినది. ప్రతి గృహమునకును సెట్ టాప్ బాక్సు అవసరమైనది. పిదప టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయి, చేసిన నూతన రుసుముల విధానము 2018 డిసెంబరు తుది నుండి అమలునకు వచ్చినది. చూచువాడు తనకు వలసిన ఛానళ్ళను తానే యెన్నుకొని, వాటికే ధర చెల్లింపవలెననుట దాని సారాంశము.

ఆ విధానములో మొదట 100 ఛానళ్ళ వఱకు తీగ రుసుము 130 రూపాయలకు మించరాదని నిర్ణయింపబడెను. 2020 మార్చి నుండి అంతే సొమ్మునకు 200 ఛానళ్ళు ఈయవలసివచ్చెను. ఇది గాక రుసుము ఛానళ్ళకు విడివిడిగా ధర. ఒక ఉదాహరణము చూడుడు. ఒక్కొక్కటి 19 రూపాయల ధరగల నాలుగు తెలుగు ఛానళ్ళను ఒక గృహస్థుడు కోరెననుకొందము. 130కి 76 చేర్పగా 206. దానిపై నూటికి 18 వంతున పన్ను 37 రూపాయల 8 పైసలు. మొత్తము 243 రూపాయల 8 పైసలు. పిల్లల కొఱకు అదే ధరగల నాలుగు కన్నడ ఛానళ్ళు కూడ చేర్చినచో మొత్తము 332 రూపాయల 76 పైసలగును. ఛానళ్ళను కట్టగా కొన్నచో కొంత తగ్గును. అయినను సూత్రము మాఱదు. ఏకభాషా గృహము ఒక కట్టతో తృప్తిపడును. ద్విభాషా గృహము రెండు కట్టలు కొనవలెను. సరిహద్దు కుటుంబము తన రెండు భాషలకును మూల్యము చెల్లించుచున్నదనుట ఈ లెక్కయందు స్పష్టము.

2024 జూలైలో తీగ రుసుముపై గల గరిష్ఠ పరిమితిని ట్రాయి తొలగించినది. కావున ఇప్పుడు ఆ సొమ్ము ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరుగ నుండవచ్చును. ఈ స్థితిలో చౌక మార్గములను వెదకుట సహజమే.

ప్రత్యామ్నాయ మార్గములు

మొదటిది ఇంటి కప్పుపై యాంటెన్నా. ఇంగ్లండు, అమెరికా దేశములలో కేబులు మానినవారు యాంటెన్నాతోనే అనేక ఛానళ్ళను ఉచితముగ చూచుచున్నారు. మన దేశమున ఆ మార్గము దాదాపు మూతపడినది. దూరదర్శన్ తన పాత భూతల ప్రసార స్తంభములలో అత్యధిక భాగమును 2022 నాటికి మూసివేసినది. కావున పాత యాంటెన్నాను తుడిచి నిలుపుట వలన ప్రయోజనము లేదు.

రెండవది దూరదర్శన్ వారి ఉచిత డిష్షు. ఇది 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేర ఆరంభమై, తరువాత డీడీ ఫ్రీ డిష్ అయినది. దేశమున నాలుగు కోట్లకు పైగా గృహములు దీనిని వాడుచున్నవని అంచనా. దీనికి నెలసరి రుసుము లేదు. డిష్షుకును బాక్సునకును ఒక్కమాఱు సుమారు 2,000 రూపాయలు వ్యయమగును. పైన చూపిన 243 రూపాయల లెక్కతో పోల్చినచో తొమ్మిది నెలలలోపల ఆ వ్యయము తీఱును. దీని ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున గలదు. కావున ఈ సీమలో డిష్షు ముఖము ఆగ్నేయమునకు తిరిగి, బాగుగ పైకెత్తి యుండవలెను. ఆ దిక్కున చెట్టుకొమ్మ గాని, మేడగోడ గాని అడ్డురాకూడదు. భారీ వర్షము కురియునపుడు బొమ్మ చెదరుట లోపము కాదు. ఆ తరంగముల స్వభావమే అట్టిది. బాక్సు కొనునపుడు ఎంపెగ్-4 రకమును కొనవలెను. పాత ఎంపెగ్-2 బాక్సునకు క్రొత్త రకపు ఛానళ్ళు అందవు.

ఇక భాష సంగతి. ఈ డిష్షున తెలుగునకు డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి గలవు. కన్నడమునకు డీడీ చందన గలదు. ప్రైవేటు ఛానళ్ళకు స్థానములను వేలము ద్వారా ఇత్తురు. అందు హిందీ ఛానళ్ళదే ఆధిక్యము. ప్రతిరాత్రియు ఏ ధారావాహిక చూడవలెనని యింటి పెద్దలు ఎదురుచూతురో, అది సామాన్యముగా రుసుము ఛానలుది. ఆ ఛానలును ఆశించి ఉచిత డిష్షు తగిలించినవారు నిరాశ చెందుదురు. వార్తలు, వ్యవసాయము, సంగీతము, సాహిత్య గోష్ఠులు చాలుననువారికి ఇది మేలైన మార్గము.

మూడవది ప్రైవేటు సంస్థల డిష్షులు. ఇవియు ట్రాయి విధానమునకు లోబడినవే గాన, కేబులు కంటె తప్పక చౌకయని చెప్పరాదు. వలసిన ఛానళ్ళను మాత్రమే యెన్నుకొను ఓపిక గలవారికి ఇవి ఉపయోగించును. ఆ ఓపికయే యున్నచో కేబులునందును పొదుపు సాధ్యమే. కావున తీగను తీసివేయుటకు ముందు, తమ కట్టలో తాము ఎన్నడును చూడని ఛానళ్ళు ఎన్నియో లెక్కించుట మంచిది.

నాలుగవది ఇంటర్నెట్టు. 2016 తరువాత మొబైలు డేటా ధర తగ్గుటతో ఇది పల్లెలకును చేరినది. యూట్యూబునందు తెలుగు వార్తా ఛానళ్ళను, పాత చిత్రములను ఉచితముగ చూడవచ్చును. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అను వేదికను తెఱచినది; దూరదర్శన్ ఛానళ్ళు అందు లభించును. 2020 ఉగాదికి ఆరంభమైన ఆహా వంటి చందా వేదికలును గలవు. కాని డేటా వ్యయమును మఱవరాదు. సాధారణ స్పష్టతతో గంటకు సుమారు 1 జీబీ, హెచ్చు స్పష్టతతో 3 జీబీల వఱకు ఖర్చగును. దినమునకు 2 జీబీల పథకము గల ఫోనుతో ఇంటిల్లిపాదియు సాయంకాలమంతయు టెలివిజను చూడజాలరు. ఒకే యింట మూడు ఫోనులకు మూడు పథకములు కొన్నచో కేబులు రుసుమును మించిపోవును. తీగ ద్వారా వచ్చు బ్రాడ్‌బ్యాండు ఉన్న యింటనే ఇది నిజముగా చౌక.

భాషా దృష్టి

ఈ నాలుగు మార్గములను భాషాదృష్టితో చూచినచో ఒక సంగతి తేటపడును. కేబులునందు తెలుగు దానంతట అది వచ్చెడిది. క్రొత్త మార్గములందు తెలుగును వెదకి తెచ్చుకొనవలెను. వెదకుటకు ఓపికయు, కొంత అక్షరజ్ఞానమును కావలెను. ఈ సీమలో తెలుగును మిక్కిలి ప్రేమించు వృద్ధులకు ఆ యంత్రములు తెలియవు. యంత్రములు తెలిసిన పిల్లలు తెలుగును వెదకరు. యూట్యూబు ఒకమాఱు చూచినదానికి సంబంధించినదానినే మరల చూపును గాన, వెదకనివానికి తెలుగు క్రమముగా కనుమఱుగగును.

మఱియొకటి. టెలివిజను పెట్టె నడిమింట నుండెడిది. అవ్వ చూచు ధారావాహికను మనుమడును వినెడివాడు, అర్థముగాని మాటను అడిగెడివాడు, అవ్వ చెప్పెడిది. అది పాఠ్యపుస్తకము లేని తెలుగు పాఠము. ఫోను వచ్చిన పిదప అవ్వ యొక మూలను, మనుమడొక మూలను కూర్చుందురు. పొదుపు లెక్కలో ఈ నష్టమునకు గడి లేదు.

అల్పసంఖ్యాక భాషలకు ప్రసార సాధనము ఎంత ముఖ్యమో లోకము గుర్తింపకపోలేదు. బ్రిటనునందలి వేల్సు ప్రజలు తమ భాషకు ఒక ఛానలు కావలెనని పోరాడి, 1982లో ఎస్4సి అను ఛానలును సాధించుకొనిరి. ఐర్లండున 1996లో ఐరిషు భాషకు ప్రత్యేక ఛానలు వెలసినది. తెలుగునకు అట్టి పోరాటము అవసరము లేదు. ఛానళ్ళు ఎన్నియో గలవు. ఇచటి చిక్కు ఛానలు లేకపోవుట కాదు, ఉన్న ఛానలు ఇంటికి చేరు దారి మాఱుట.

ఆచరణీయములు

గృహస్థులకు మూడు సూచనలు చేయవచ్చును. కేవలము పెద్దలే యున్న యింట కేబులును ఒక్కసారిగ తీసివేయక, వారు నిత్యము చూచు రెండు మూడు తెలుగు ఛానళ్ళను నిలిపి తక్కినవి తగ్గించుకొనుట మేలు. వ్యయము భరింపలేని యింట ఉచిత డిష్షు తగిలించి, కొదువను ఒక్క ఫోనుతో తీర్చుకొనవచ్చును. బ్రాడ్‌బ్యాండు గల యింట ఇంటర్నెట్టును ఫోనునందు గాక నడిమింటి టెలివిజనుకే కలుపవలెను. అప్పుడు అవ్వయు మనుమడును మరల ఒకచోట కూర్చుందురు.

ఇంటర్నెట్టునందు కేబులున లేని యొక లాభమును గలదు. కొన్ని కార్యక్రమములకు తెలుగు మాటలే తెలుగు లిపిలో అడుగున కనిపించును. విన్న మాటను అదే భాషలో చదువుట వలన చదువు బలపడునని, 1996 నుండి ఈ పద్ధతికై కృషి చేసిన బ్రిజ్ కోఠారి మన దేశముననే ప్రతిపాదించెను. దూరదర్శన్ పాటల కార్యక్రమములలో దానిని వాడి చూచిరి. తెలుగు కన్నడ లిపులు ఒకే మూలమునకు చెందిన తోబుట్టువులు. కన్నడము చదువనేర్చిన బాలుడు కొలది శ్రమతో తెలుగు అక్షరములను గుర్తింపగలడు. వినుటకే పరిమితమైన తెలుగును చదువువఱకు తీసికొనిపోవుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు.

తెలుగు సంఘములును ఇందు చేయదగిన పని గలదు. ఏ మార్గమున ఏ తెలుగు ఛానళ్ళు వచ్చునో తెలుపు పట్టికను ఏటేట ఉగాదికి ముద్రించి పంచవచ్చును. తెలిసిన యువకులు పెద్దల యిండ్లకు పోయి, కావలసిన ఛానళ్ళను అమర్చి, మీట యెక్కడ నొక్కవలెనో నేర్పి రావచ్చును. దీనికి వ్యయము లేదు.

తీగ పోవుట కాలధర్మము. నెలకు రెండు మూడు వందలు మిగుల్చుకొనుట వివేకము. కాని మిగిలిన సొమ్మును లెక్కించునాడే, ఆ యింట నిన్న వినిపించిన తెలుగు నేడును వినిపించుచున్నదా యని కూడ లెక్కింపవలెను. రెండవ లెక్క సరిపోయిన నాడే మొదటిది నిజమైన లాభము.