స్టాటిన్ వాడుతున్నా కాల్షియం స్కోరు పెరిగింది, ఎందుకు?

షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మూడేళ్ల కింద స్కోరు 120, ఇప్పుడు 190. మరి మందు పనిచేయట్లేదా?

కంగారుపడి మందు ఆపేయకండి. ఈ స్కోరు గుండె రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని మాత్రమే లెక్కపెడుతుంది. కొవ్వుతో నిండిన మెత్తటి పూడిక దీనికి కనపడదు. చిట్లి గుండెపోటు తెచ్చేది ఎక్కువగా ఆ మెత్తదే. స్టాటిన్ దాన్ని గట్టిపరుస్తుంది, అందుకే స్కోరు పెరగొచ్చు! మొదటిసారి రిస్క్ తెలుసుకోవడానికి ఈ టెస్ట్ చాలా మంచిది. మందు పనితనం కొలవడానికి మాత్రం పనికిరాదు.

మెత్తటి పూడిక కూడా చూడాలంటే రంగుమందు ఎక్కించి సీటీ యాంజియోగ్రామ్ తీయాలి. దానికి ముందు క్రియాటినిన్ చూపించుకోండి, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి.

అలాగని ఏటా స్కాన్ అక్కర్లేదు. 2009లో వచ్చిన డయాడ్ స్టడీలో, గుండె లక్షణాలేవీ లేని 1,123 మంది షుగర్ పేషెంట్లలో సగంమందికి స్కాన్ చేశారు. దాదాపు ఐదేళ్లు చూసినా, స్కాన్ చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఎల్‌డీఎల్, బీపీ చూపించుకుంటూ ఉండండి. షుగర్ వాళ్లకి ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. నిన్నటిదాకా ఎక్కిన మెట్లకే ఇవాళ ఆయాసం వస్తే, అప్పుడు స్కోరు కోసం ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.