డేటాను ర్యామ్‌లో ఎందుకు ఉంచుతారు? కరెంటు పోతే ఎలా?

హార్డ్‌డిస్కులో ఒక సమాచారం దొరకాలంటే పళ్లెం తిరగాలి, దాన్ని చదివే హెడ్ సరైన చోటికి జరగాలి. ఇందుకు సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌లో కదిలే భాగాలే లేవు. అదే పని దాదాపు 100 నానోసెకన్లలో అయిపోతుంది. అంటే లక్ష రెట్ల వేగం!

2009లో ఇటలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో, డేటాను ర్యామ్‌లోనే ఉంచే 'రెడిస్' డేటాబేస్ తయారుచేసింది ఇందుకే. వెబ్‌సైట్లకు ఎవరు వస్తున్నారో అప్పటికప్పుడు చూపించే ఆయన సర్వీసుకు డిస్కు వేగం చాలలేదు.

మరి కరెంటు పోతే ర్యామ్ ఖాళీ అయిపోతుంది కదా? నాకు బాగా నచ్చే ఉపాయం ఇక్కడే ఉంది. కావాలంటే రెడిస్ ప్రతి మార్పునూ ఒక ఫైలు చివర రాసుకుంటూ పోతుంది. వరసగా రాయడమే కాబట్టి హెడ్ అటూ ఇటూ వెతుక్కోనక్కర్లేదు, డిస్కుకూ తేలికే. మళ్లీ ఆన్ అయ్యాక ఆ ఫైలు చదివి డేటా అంతా తిరిగి నింపుకుంటుంది. సెకనుకోసారి డిస్కుకు చేర్చే పద్ధతిలో చివరి సెకను మార్పులు పోవచ్చు. డబ్బు లెక్కల్లో అది చిన్న విషయం కాదు.

ఒక్క కంప్యూటర్ చాలకపోతే? రెడిస్‌లో డేటాను 16,384 అరలుగా విడదీసి చాలా కంప్యూటర్లకు పంచుతారు. ఏ సమాచారం ఏ అరలో ఉందో దాని పేరు మీద చేసే చిన్న లెక్కే చెప్పేస్తుంది. ఒక కంప్యూటర్ ఆగిపోతే, దాని నకలు ఉంచుకున్న మరొకటి ఆ పని అందుకుంటుంది.