బడిలో మధ్యాహ్న భోజనము

ఆకలితో కూర్చున్న పిల్లవానికి పాఠము తలకెక్కదు. ఉదయము చద్దియన్నమైనను లేక బడికి వచ్చు బాలబాలికలు నేటికిని కలరు. అట్టివారికి బడిలో పెట్టునదే ఆ దినమున మొదటి భోజనము. కావున అది కడుపు నింపిన మాత్రమున చాలదు. దేహమునకు పుష్టి నీయవలెను.

1925 నాటికే మదరాసు నగరపాలక సంస్థ బీద పిల్లలకు ఇట్టి భోజనము నేర్పాటు చేసినది. 1995 ఆగస్టు 15న దేశవ్యాప్తముగా పథకము మొదలైనను, పెక్కు రాష్ట్రములలో బియ్యము, గోధుమలు మాత్రమే పంచిరి. వండిన భోజనమే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించినది. 2021 నుండి ఈ పథకమునకు పి.ఎం. పోషణ్ అని పేరు.

ఎంత పెట్టవలెను?

ప్రాథమిక తరగతుల పిల్లలకు దినమునకు తలకు 100 గ్రాముల బియ్యము లేక గోధుమలు, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె నియమితము. వీనివలన 450 కెలోరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు లభించవలెను. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఈ కొలతలు ఒకటిన్నర రెట్లు. శక్తి 700 కెలోరీలు, మాంసకృత్తులు 20 గ్రాములు.

ఈ లెక్క తల్లిదండ్రులకును తెలిసియుండుట మేలు. అరువదిమంది పిల్లలు తిను ప్రాథమిక పాఠశాలలో దినమునకు 1 కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు ఉడుకవలెను. సాంబారు నీళ్లవలె నున్నచో ఈ కొలత తగ్గినదేమో విచారింపవలెను.

పప్పు, ఆకుకూరలు

బియ్యపు మాంసకృత్తులలో లైసీను తక్కువ. పప్పులో అది సమృద్ధి. రెండును కలిసినపుడు ఒకదాని లోటు మరియొకటి తీర్చును. గ్రుడ్డు తినువారికి ఒక గ్రుడ్డువలన సుమారు 6 గ్రాముల మేలైన మాంసకృత్తులు లభించును.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కనబడినది. ఇనుము లోపించుట దీనికొక ముఖ్య కారణము. తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలను తరచుగా వండవలెను. వడ్డించునపుడు నిమ్మరసము పిండినచో అందలి సి విటమిను వలన ఇనుము దేహమునకు చక్కగా పట్టును. కూరలను కడిగిన తరువాతనే తరుగవలెను. తరిగి కడిగినచో విటమినులు నీటిపాలగును. గంజి వార్చి పారబోయుటయు నష్టమే.

శుభ్రత

2013 జూలైలో బీహారు రాష్ట్రమందలి సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. కావున వంట సరకులున్న గదిలో పురుగుమందులను గాని, వాని ఖాళీ డబ్బాలను గాని ఎన్నడును ఉంచరాదు. నూనె వాసన, రంగు మారినచో వాడరాదు. వడ్డనకు ముందు ఉపాధ్యాయుడు తప్పక రుచి చూడవలెను. వంటవారును, పిల్లలును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

ఊరివారి పాత్ర

తల్లులు వంతులవారీగా బడికి వచ్చి, పప్పు తూచుట, వంట, వడ్డన గమనింపవలెను. పెరటిలో నాలుగు మునగచెట్లు, ఒక తోటకూర మడి యున్న బడికి ఆకుకూరల కొఱత యుండదు. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. శ్రద్ధ యున్న చాలును. నేడు పిల్లల పళ్లెములో చేరిన పప్పును, ఆకుకూరయు రేపు వారి రక్తమును, కండయు నగును.