హాస్యనాటికలో పాత్రల ఎంపిక

తెలుగునాట నాటకాన్ని పోషించినవారు వృత్తి కళాకారులు మాత్రమే కారు. సురభి వంటి కుటుంబ సమాజాలు ఊరూరా తిరిగి ప్రదర్శనలిస్తున్న కాలంలోనే వకీళ్ళు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విద్యార్థులు పగలు తమ తమ పనులు చేసుకొని సాయంకాలాలను రంగస్థలానికి అర్పించారు. తెలుగు హాస్యనాటక రచనలో ‘హాస్యబ్రహ్మ’గా ప్రసిద్ధి పొందిన భమిడిపాటి కామేశ్వరరావు రాజమండ్రిలో ఉపాధ్యాయుడు. ‘కన్యాశుల్కం’లో రామప్పంతులుగా పేరుపొందిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో అధికారి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తరువాత పరిషత్తు పోటీలు ఇట్టి ఔత్సాహికులకు గొప్ప ప్రోత్సాహమిచ్చాయి. నేటికీ అనేక పట్టణాలలో కళాసమితులు ఉన్నాయి. వాటికి జీతగాళ్ళైన నటులుండరు. కొత్త నాటిక చేపట్టినప్పుడల్లా నటులను కొత్తగా వెదకుకోవలసిందే.

ఈ ఎంపిక ఆడంబరమేమీ లేకుండా సాగుతుంది. కార్యాలయాలు మూసిన తరువాత ఏ పాఠశాల గదిలోనో, గ్రంథాలయం మేడమీదనో అందరూ చేరుతారు. దర్శకుడు మొదట నాటికను ఆసాంతం చదివి వినిపిస్తాడు. తరువాత ఒక్కొక్క రంగం తీసి, ఇద్దరు ముగ్గురిచేత సంభాషణలు చదివిస్తాడు. వచ్చినవారిలో పలువురు ముందుగా తమకు కంఠస్థమైన ఏకపాత్రాభినయాన్ని ప్రదర్శించబోతారు. కళాశాల వార్షికోత్సవాలలో బహుమతులు తెచ్చేది దుర్యోధన పాత్రే కాబట్టి, హాస్యనాటికకు నటులను ఎంచే దర్శకుడు కూడా ఒకే సాయంత్రం నలుగురైదుగురు దుర్యోధనులను ఓపికగా భరించవలసి వస్తుంది!

అటువంటి విద్యార్థి ఒకడు ‘కన్యాశుల్కం’ ప్రథమాంకంలోని రంగాలకు జరిగే ఎంపికకు వచ్చాడని ఊహించవచ్చు. గురజాడ అప్పారావు రచించిన ఈ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెరిగి మారిన రూపంలో మళ్ళీ వెలువడింది. పూర్తిగా ఆడితే ఒక రాత్రి చాలదు కాబట్టి సమాజాలు దీనిని కుదించియో, కొన్ని రంగాలను ఏర్చియో ఆడుతుంటాయి. మన విద్యార్థి దృష్టి అంతా గిరీశం మీదనే. ఆ పాత్ర దక్కుతుందన్న ఆశతో ఇంటివద్ద వారంరోజులు అద్దం ముందు సాధన చేశాడు. అతడు గిరీశం మాటలను సినిమా హాస్యనటుని ధోరణిలో కనుబొమలెగరవేస్తూ, ప్రతి వాక్యం చివర తానే చిన్నగా నవ్వుతూ చదువుతాడు. బల్లమీద తమ వంతుకోసం కూర్చున్నవారెవరూ నవ్వరు. ఎందువల్ల?

ఈ ప్రశ్నకు సమాధానం భరతుని నాట్యశాస్త్రంలోనే కొంత దొరుకుతుంది. హాసం స్థాయిభావంగా గల హాస్యరసాన్ని భరతుడు ఆత్మస్థమనీ, పరస్థమనీ రెండు విధాలుగా చెప్పాడు. తాను నవ్వటం ఆత్మస్థం, ఎదుటివారిని నవ్వించటం పరస్థం. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు విధాలుగా విభజించి, మొదటి రెండింటిని ఉత్తమపాత్రలకు, చివరి రెండింటిని అధమపాత్రలకు కేటాయించాడు. కొత్త నటుడు ఈ రెండు భేదాలనూ కలిపివేస్తాడు. ప్రేక్షకుడు నవ్వవలసిన నవ్వును తానే ముందుగా నవ్వివేస్తే ప్రేక్షకునికి మిగిలేది ఏమీ ఉండదు.

గిరీశం తనను తాను హాస్యగాడని అనుకోడు. అతడికి ఊరినిండా అప్పులున్నాయి. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకున్నాడు. శిష్యుని వెంట అతని ఊరికి వెళ్ళి ఈ చిక్కులనుండి బయటపడాలని అతని తాపత్రయం. ఈ భయాన్ని లోపల దాచుకొని, పైకి సంఘసంస్కర్తవలె మహోపన్యాసాలు దంచుతాడు. నటుడు ఆ భయాన్ని పట్టుకుంటే ఉపన్యాసం దానంతటదే నవ్వు పుట్టిస్తుంది. వదలివేస్తే ఉపన్యాసమే మిగులుతుంది. మధురవాణి ఇంట మంచం క్రింద దాగే ఘట్టమూ అంతే. పట్టుబడితే పరువుపోతుందన్న బెదురు నటునిలో నిజంగా కనిపించాలి.

అనుభవజ్ఞుడైన దర్శకుడు విద్యార్థిని ఏమీ మందలించడు. పుస్తకం అతనికే ఇచ్చి, ఈసారి వెంకటేశం మాటలు చదవమంటాడు. గిరీశం మాటలను వేరొకరు, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, చదువుతాడు. విద్యార్థి ముఖం చిన్నబోతుంది. వెంకటేశానికి ఉన్నవి పొట్టిపొట్టి మాటలు. అవీ చాలావరకు గురువుగారి ధాటికి తలూపేవే. దీనిని అతడు తిరస్కారంగానే భావిస్తాడు. కాని నటుని అసలు పరీక్ష ఇక్కడనే ఉంది. గురువు వద్ద తనకు అబ్బినది చుట్టకాల్చటం ఒక్కటేనని వెంకటేశం నిష్ఠూరమాడినప్పుడు, గిరీశం ఆ చుట్టనే ఒక విద్యగా పొగడివేస్తాడు. అప్పుడు ప్రేక్షకుడు చూసేది మాట్లాడేవానిని కాదు, వినేవానిని. శిష్యుని ముఖంలో అనుమానం ఎంతసేపు నిలిచింది, ఎక్కడ మెల్లగా కరిగి ఆశ్చర్యంగా మారింది అన్నదానిమీద ఆ నవ్వు ఆధారపడుతుంది. ఒక్క క్షణం ముందు తలూపినా, ఒక్క క్షణం ఆలస్యం చేసినా అది చెడుతుంది.

దర్శకులు గమనించే ఇతర విషయాలు లేకపోలేదు. ఉచ్చారణ, కంఠబలం, వేళకు రాగల తీరిక అందరూ చూసేవే. యాస విషయంలో మాత్రం మరికొంత జాగ్రత్త అవసరం. ఉత్తరాంధ్ర, తెలంగాణ, రాయలసీమ పలుకుబడులను కేవలం వెక్కిరింతకోసం తెచ్చిపెట్టుకోవటం చౌకబారు హాస్యం. ‘కన్యాశుల్కం’లో విజయనగర ప్రాంతపు భాష పాత్రల సొంత భాష కనుకనే శోభించింది. ఇక స్త్రీపాత్రల సంగతి. స్థానం నరసింహారావు వంటి పురుషులే స్త్రీపాత్రలను అపూర్వంగా పోషించిన కాలం గడచిపోయింది. స్త్రీలు ఎంపికకు వస్తున్నా, హాస్యనాటికలలో వారికి తరచుగా దక్కేది గయ్యాళి భార్య పాత్రే. మధురవాణి వంటి చతురను సృష్టించిన భాషలో ఇది రచయితల లోపమే తప్ప నటీమణుల లోపం కాదు.

విద్యార్థి రెండవసారి చదువుతున్నాడు. కనుబొమలు ఎగరవేయటానికి ఇందులో చోటు లేదు. ఉపాధ్యాయుడు చుట్ట మహిమను వర్ణిస్తూ ఉంటే అతడు తన మాట ఎప్పుడు వస్తుందా అని పుస్తకం వైపు చూడటం మానుకొని, నిజంగానే వినసాగాడు. వింటూ వింటూ నోరు కొద్దిగా తెరిచాడు. బల్లమీద కూర్చున్నవారిలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు తనవల్లనే పుట్టిందని అతడికి తెలియలేదు. ఏమి తప్పు జరిగిందోనని బెదరుతూ అటువైపు చూశాడు. దానితో అందరూ నవ్వారు. దర్శకుడు తలవంచుకొని కాగితంమీద వెంకటేశం పేరుకు ఎదురుగా ఏదో వ్రాసుకున్నాడు.