జైలు నుంచి వచ్చాక చేతిలో ఏముంటుంది?

హైదరాబాద్‌లో జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో బండికి పెట్రోలు పోయించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఖైదీలు, విడుదలైనవాళ్లు అక్కడ పనిచేస్తారు. మంచి పనే, సందేహం లేదు. అయితే ‘ఖైదీల పునరావాసం’ అనగానే మన కళ్లముందు మెదిలేది శిక్ష పూర్తి చేసుకున్న మనిషి. లెక్కలు చూస్తే ఎక్కువగా కనిపించేది ఇంకొకడు.

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31న దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో శిక్ష పడినవాళ్లు 1,33,415 మందే. తీర్పు ఇంకా రాని విచారణ ఖైదీలు 4,34,302. అన్ని జైళ్లలో కలిపి ఉన్న జాగా 4,36,266 మందికి. అంటే నేరం రుజువు కానివాళ్లతోనే జైళ్లు దాదాపు నిండిపోయాయి!

శిక్ష పడినవాడికి జైల్లో పని ఉంటుంది, ఎంతో కొంత కూలి జమవుతుంది, బయటికెళ్లే రోజు సుమారుగా తెలుస్తుంది. విచారణ ఖైదీకి వాయిదా తేదీ తప్ప విడుదల తేదీ ఉండదు. అయిదేళ్లకు పైగా ఇలా ఉన్నవాళ్లే ఆ 2022 లెక్కలో 11 వేలు దాటారు.

బెయిల్ వచ్చినా గేటు తెరుచుకుంటుందని లేదు. జామీను నిలబడేవాళ్లు కావాలి. వాళ్ల దగ్గర ఇంటిపన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో ఉండాలి. అద్దె గదిలో ఉండే వలస కూలీకి అవి ఎవరిస్తారు? బెయిల్ వచ్చి కూడా లోపలే ఉండిపోయినవాళ్లు 5,029 మందని 2022 ఆఖరుకు తేలింది. ఆ తర్వాతే, 2023లో, కేంద్రం పేద ఖైదీల సహాయ పథకం పెట్టింది. విచారణ ఖైదీ బెయిల్‌కు 40,000, శిక్ష పడినవాడి జరిమానాకు 25,000 రూపాయల దాకా ఇస్తామని అప్పుడు చెప్పింది. అప్పట్లో ఏడాదికి కేటాయింపు 20 కోట్లు. తలకు 40,000 చొప్పున పంచితే సరిగ్గా 5,000 మందికి వస్తుంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన నేర విచారణ చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షన్‌లో ఇంకో దారి తెరిచింది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. వేరే కేసులుంటే కూడా కుదరదు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు కాబట్టి, ఏడాది గడిస్తే బయటికి రావచ్చు.

ఆ ఏడాది విలువెంత? రోజుకు 500 కూలి, 200 రోజుల పని అనుకుంటే లక్ష రూపాయలు. ఇల్లాలు చేసిన అప్పు, మానేసిన పిల్లల చదువు ఈ లెక్కలోకి రావు. బయటికొచ్చాకా వాయిదాలు ఆగవు, వాయిదా పడ్డ ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. కేసు నడుస్తోందని తెలిస్తే వాచ్‌మన్ పని ఇవ్వడానికి కూడా వెనకాడతారు.

చివరికి నిర్దోషి అని తేలితే? తప్పుడు కేసులో పోయిన కాలానికి పరిహారమిచ్చే ప్రత్యేక నిబంధనలు చట్టంలో కావాలని లా కమిషన్ 2018 ఆగస్టులోనే 277వ నివేదికలో సిఫారసు చేసింది. హైకోర్టు దాకా వెళ్లి పరిహారం తెచ్చుకున్నవాళ్లు లేకపోలేదు గానీ, కూలివాడికి అంత ఓపికెక్కడిది? కారణం లేకుండా అరెస్టు చేయించినవాడి నుంచి మేజిస్ట్రేటు నేరుగా ఇప్పించగల సొమ్ముకు సంహితలోని 399వ సెక్షన్ పెట్టిన పరిమితి 1,000 రూపాయలు. పైన వేసుకున్న లెక్కలో అది రెండు రోజుల కూలి.