పేరుకు టీచర్.. చేతికి ‘గౌరవ వేతనం’! అంగన్‌వాడీ టీచర్లకు జీతం ఎందుకు లేదు? అసలు లెక్క ఇదీ..

ఊళ్లో పిల్లలంతా ఆమెను ‘టీచర్’ అనే పిలుస్తారు. పలక మీద అ, ఆలు మొదట దిద్దించేది ఆమే. మూడేళ్ల పిల్లాడు అమ్మ కొంగు వదిలి కూర్చునే మొదటి బడి కూడా ఆమెదే. కానీ సర్కారు లెక్కల్లో ఆమె ఉద్యోగి కాదు. నెలకు వచ్చేది జీతం కాదు.. ‘గౌరవ వేతనం’. ఈ ఒక్క మాట వల్ల నష్టపోతున్నది టీచర్లేనా? పిల్లలు కూడానా? వివరాల్లోకి వెళ్తే..

మొదలైంది ఇలా..

1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ పథకం దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. ఊళ్లోనే ఉండే ఒక మహిళ రోజుకు కొన్ని గంటలు స్వచ్ఛందంగా పిల్లల్ని చూసుకుంటుంది.. ఇదీ అప్పటి ఆలోచన. స్వచ్ఛంద సేవ కాబట్టి జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల సెంటర్లు ఉన్నాయి. ఏపీలో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా నడుస్తున్నాయి. పని పదింతలైంది. పేరు మాత్రం అదే ఉండిపోయింది.

ఒక్క టీచర్.. ఆరు సేవలు

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు ఇచ్చే చోటు అనుకుంటారు చాలామంది. నిజానికి పథకంలో ఆరు సేవలున్నాయి. పౌష్టికాహారం, ప్రీ స్కూల్ చదువు, పోషణ-ఆరోగ్యంపై అవగాహన, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆస్పత్రికి పంపడం. టీకాలు, పరీక్షలకు ఏఎన్‌ఎం, ఆశా వర్కర్లు తోడుంటారు. కానీ పిల్లల్ని, గర్భిణులను పోగు చేసేది, లెక్క రాసేది టీచరే.

పిల్లల బరువు, ఎత్తు కొలవాలి. సరుకుల స్టాక్ చూసుకోవాలి. వివరాలన్నీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు లబ్ధిదారుల ముఖం స్కాన్ చేయడం కూడా తప్పనిసరైంది. సిగ్నల్ లేని ఊళ్లో ఈ పనికే గంటలు పోతాయి. ఇక సర్వేలు, ఓటర్ల జాబితా పనులు అదనం. మరి పిల్లలకు పాఠం ఎప్పుడు చెప్పాలి?

రూ. 4,500 లెక్క ఏంటి?

కేంద్రం లెక్క ప్రకారం మెయిన్ సెంటర్ టీచర్‌కు నెలకు రూ. 4,500, ఆయాకు రూ. 2,250. ఈ రేటు 2018 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఏడేళ్లు గడిచినా అదే రేటు. ఇందులోనూ మన రాష్ట్రాల్లో కేంద్రం భరించేది 60 శాతమే.. అంటే రూ. 2,700. మిగతాది, ఆపైన పెంచేది రాష్ట్రాలే ఇవ్వాలి.

అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లెక్క. ఏపీలో 2019లో టీచర్‌కు రూ. 11,500 చేశారు. తెలంగాణలో 2021లో రూ. 13,650 అయింది. పని ఒకటే.. రాష్ట్రం సరిహద్దు దాటితే డబ్బు మారిపోతుంది.

42 రోజుల సమ్మె

2023 డిసెంబర్ 12న ఏపీలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. కనీస వేతనం రూ. 26 వేలు, గ్రాట్యుటీ ప్రధాన డిమాండ్లు. జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అయినా సమ్మె 42 రోజులు సాగింది.

ఆ సమయంలో వినిపించిన ఇంకో బాధ కూడా ఉంది. అప్పటి నిబంధనల ప్రకారం పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు రూ. 10 వేలు దాటితే సంక్షేమ పథకాలు రావు. జీతం అడిగితే ‘మీరు ఉద్యోగులు కాదు’.. పథకం అడిగితే ‘మీకు ఆదాయం ఉంది’! రెండు వైపులా దెబ్బే. ఇక్కడ ఇంకో వింత.. ఉద్యోగులు కాదంటూనే, సమ్మె చేస్తే మాత్రం అత్యవసర సేవల చట్టం వాడారు.

కోర్టు ఏమంది?

అంగన్‌వాడీ వర్కర్లవి ప్రభుత్వ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2022 ఏప్రిల్ 25న గుజరాత్ కేసులో అదే కోర్టు కీలక తీర్పు ఇచ్చింది. వీళ్లకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఆహార భద్రత చట్టం, విద్యా హక్కు చట్టం కింద వీళ్లు చేసేది చట్టబద్ధమైన పని అని గుర్తించింది. అంతకుముందే, 2013లో జాతీయ కార్మిక సదస్సు కూడా వీళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫార్సు చేసింది.

పిల్లలకు పోయేదేంటి?

దీనికి జవాబు తమిళనాడులో దొరుకుతుంది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం అక్కడి 320 సెంటర్లలో ఒక అధ్యయనం చేసింది. కొన్ని సెంటర్లలో చదువు చూసుకోవడానికి రోజులో సగం పూట పనిచేసే ఇంకో వర్కర్‌ను పెట్టారు. అంతే! పాఠాలకు దక్కిన సమయం రెట్టింపైంది. పిల్లల భాష, లెక్కలు రెండూ మెరుగయ్యాయి. టీచర్‌కు చేతులు ఖాళీ అవడంతో పోషణ మీద దృష్టి పెరిగి, పిల్లల్లో పోషకాహార లోపం కూడా తగ్గింది. అంటే లోపం టీచర్‌లో లేదు.. ఆమెకు దొరకని టైమ్‌లో ఉంది.

ఇక ముందు..

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 6 ఏళ్ల వయసును బడి చదువుకు పునాదిగా లెక్కలోకి తెచ్చింది. ఇంటర్, ఆపైన చదివిన టీచర్లకు 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, తక్కువ చదివిన వాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. 2023లో ‘పోషణ్ భీ, పఢాయీ భీ’ పేరుతో కేంద్రం శిక్షణ కార్యక్రమం కూడా మొదలుపెట్టింది.

శిక్షణ మంచిదే. కానీ నేర్చుకున్నది చెప్పడానికి సమయం కావాలి, ఇంటి ఖర్చుకు సరిపడా జీతం కావాలి. డబ్బున్న వాళ్ల పిల్లలకు ప్లే స్కూళ్లు ఉన్నాయి. కూలి పనికి వెళ్లే అమ్మ బిడ్డకు ఉన్నది ఆ ఒక్క అంగన్‌వాడీ గదే.. అందులో ఆ ఒక్క టీచరే.